రైలు లేఅవుట్‌తో ప్రదర్శనకు వెళ్తున్నారా? చేయవలసినవి, చేయకూడనివి

మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నడిచే బొమ్మరైలు కనిపించేది ఎక్కువగా జిల్లా సైన్స్ ఫెయిర్లలో, బడి వార్షికోత్సవాల్లో, పండగల బొమ్మల కొలువుల్లో. పుణెలోని కోత్రూడ్‌లో జోషీ కుటుంబం 1998 నుంచి నడుపుతున్న మినియేచర్ రైల్వేల మ్యూజియంలో లేఅవుట్ ఉన్నచోటే ఉంటుంది, చూసేవాళ్ళే దాని దగ్గరికి వస్తారు. మన లేఅవుట్‌కు ఆ సుఖం లేదు. ట్రాలీ ఆటో ఎక్కి వెళ్ళాలి, ఎవరిదో హాల్లో ఎవరో బిగించిన స్విచ్‌బోర్డు పక్కన నిలవాలి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా తోసుకొచ్చే పిల్లల మధ్య నడవాలి. ఇంట్లో ఏడాదంతా ఏమీ కాని వైరు అక్కడ ఒక్క పూటలో తెగిపోతుంది.

మన దగ్గర లేఅవుట్ కట్టే కుటుంబానికి ఇతివృత్తానికి కొదవ లేదు. 1929లో పూర్తయిన కాజీపేట - బల్లార్షా లైను, రామగుండం - మంచిర్యాల మధ్య గోదావరి వంతెన, సింగరేణి గనుల నుంచి రామగుండం ఎన్టీపీసీకి బొగ్గు మోసే బండ్లు, ఒకప్పుడు మీటర్ గేజ్‌గా ఉన్న ముద్ఖేడ్ - ఆదిలాబాద్ దారి, పెద్దపల్లి నుంచి కరీంనగర్ మీదుగా 2017లో నిజామాబాద్ దాకా చేరిన 177 కిలోమీటర్ల లైను. ఇంత నిజమైన రైలు ఊరి పక్కనే ఉంది కాబట్టే మన బల్ల మీది రైలుకు బాధ్యత ఎక్కువ. ఇక్కడ రైలును చూసి మురిసిన పిల్లవాడు సాయంత్రం పట్టాల పక్కనుంచే ఇంటికి వెళ్తాడు. కాబట్టి జాగ్రత్తలు రెండు రకాలు. ఆ హాల్లో ఎవరికీ షాక్ కొట్టకుండా, నిప్పు అంటుకోకుండా చూసుకోవడం ఒకటి. మన రైలును చూసినవాడు అసలు రైలు దగ్గర తప్పు చేయకుండా చూసుకోవడం రెండోది. ఆ రెండో దాన్ని చాలామంది జాగ్రత్తల లెక్కలోకే తీసుకోరు.

కరెంటు దగ్గర

పట్టాల్లోకి వెళ్ళేది మామూలుగా 12 వోల్టుల డీసీ. దానితో మనిషికి షాక్ కొట్టదు. ప్రమాదమంతా గోడలోని 230 వోల్టులకూ మన అడాప్టర్‌కూ మధ్య ఉన్న నాలుగు గజాల్లో ఉంది. హాలుకు చేరగానే బల్లలు విప్పకండి. ముందు టెస్టర్ పట్టుకుని సాకెట్ల దగ్గరికి వెళ్ళండి. ఎర్త్ ఉందా, సాకెట్ వదులుగా ఉందా, ఎవరి లైన్ ఎటు పోతున్నదో ఆ బడి అటెండరునో, టెంట్ హౌస్ ఎలక్ట్రీషియన్‌నో అడగండి. "అన్నా, దీనికి మెయిన్ ఎక్కడున్నది?" అని అడిగి, ఆ స్విచ్ ఎక్కడుందో కళ్ళారా చూసుకున్నాకే తక్కిన పని.

మన దగ్గర బాగా పాతుకుపోయిన అలవాటు ఒకటుంది. ప్లగ్గు లేకపోతే వైరు కొసలు చెక్కి సాకెట్ రంధ్రాల్లో దూర్చి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చడం. పెళ్ళిపందిరిలో సీరియల్ బల్బులకు చూసి చూసి ఇదొక పద్ధతే అనుకుంటున్నాం. ఎవరి కాలికి వైరు తగిలినా ఫేజ్ కొస బయటపడి వేలాడుతుంది, అదీ సరిగ్గా పిల్లల చేయి అందే ఎత్తులో. ఇది ఎప్పుడూ, ఎంత తొందరలోనూ చేయకూడదు. మూడు కాళ్ళ ప్లగ్గు రెండు రంధ్రాల సాకెట్‌లో పట్టడం లేదని ఎర్త్ కాలు విరగ్గొట్టడమూ అంతే. రెండు ప్లగ్గులు, ఒక మంచి ఎక్స్‌టెన్షన్ బోర్డు, ఇన్సులేషన్ టేపు, స్క్రూడ్రైవర్ రైలు డబ్బాలతో పాటే పెట్టెలో ఉండాలి.

ఎక్స్‌టెన్షన్ బోర్డులోంచి ఇంకో ఎక్స్‌టెన్షన్ తీయకండి. చుట్టగా ఉన్న వైరును మొత్తం విప్పి వాడండి, చుట్ట చుట్టి ఉన్న వైరులో వేడి బయటికి పోదు. వైరు నడిచే దారికి అడ్డంగా పోవలసి వస్తే నేల మీద వదిలేయకుండా వెడల్పాటి టేపుతో నేలకు అంటించండి, వీలైతే గోడ వెంబడే తిప్పండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంచే స్విచ్) ఉన్న చిన్న బోర్డు ఒకటి చేయించుకుని ఎక్కడికెళ్ళినా దాని ద్వారానే కరెంటు తీసుకుంటే ఆ హాలు వైరింగ్ మీద ఆధారపడే అవసరం సగం తగ్గుతుంది. దాని మీది టెస్ట్ మీట ప్రతి ప్రదర్శన ముందూ నొక్కి చూడాలి. కొనిపెట్టి నొక్కని ఆర్‌సీసీబీ ఉన్నా లేనట్టే.

నన్నడిగితే, బడుల్లో ప్రదర్శనకు గోడ కరెంటే వద్దంటాను. యూపీఎస్‌లలో వాడే 12 వోల్టుల 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ ఒకటి ఒక ఇంజన్‌కు రోజంతా సరిపోతుంది. కరెంటు పోయినా బండి ఆగదు, జనరేటర్ వేసినప్పుడు వచ్చే వోల్టేజీ ఎగుడుదిగుళ్ళతో పని లేదు. ఒక్క షరతు, బ్యాటరీ ప్లస్ కొసకు ఆనుకునే రెండు ఆంపియర్ల ఫ్యూజు ఉండాలి. ఫ్యూజు లేని బ్యాటరీ షార్ట్ అయితే వైరు ఎర్రగా కాలుతుంది. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీలు చీల్చి తీసిన లిథియం సెల్స్ మాత్రం ఎంత చవగ్గా దొరికినా ప్రదర్శనకు తేకండి.

పన్నెండు వోల్టులే కదా అని ట్రాక్ సంగతి వదిలేయకూడదు. ఇంజన్ పట్టా తప్పి చక్రం అడ్డంగా పడితే రెండు పట్టాలూ కలిసిపోతాయి. డీసీసీ (డిజిటల్ కమాండ్ కంట్రోల్) పద్ధతిలో 15 వోల్టుల దగ్గర 5 ఆంపియర్లు ఇచ్చే సిస్టమ్ అయితే ఆ ఒక్క చోట 75 వాట్లు దిగుతాయి. మనం టంకం వేసే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే. ప్లాస్టిక్ బోగీ కరగడానికి ఎంతసేపు పడుతుందో చెప్పనక్కర్లేదు. దీనికి తేలికైన మందు ఆటో స్పేర్ పార్ట్స్ దుకాణంలోనే దొరుకుతుంది. బండ్లకు వాడే 12 వోల్టుల 21 వాట్ల ఇండికేటర్ బల్బు తెచ్చి, ట్రాక్‌కు వెళ్ళే రెండు వైర్లలో ఒకదాని మధ్యలో వరుసగా కలపండి. మామూలుగా బండి నడిచేటప్పుడు అది దాదాపు వెలగదు. షార్ట్ అయిన క్షణంలో భగ్గున వెలిగి, కరెంటును రెండు ఆంపియర్ల లోపే ఆపేస్తుంది. ఎక్కడ తప్పు జరిగిందో దూరాన ఉన్నవాళ్ళకు కూడా తెలుస్తుంది. దాన్ని థర్మాకోల్‌కు దూరంగా, రేకు ముక్క మీద బిగించండి, వెలిగినప్పుడు బాగా వేడెక్కుతుంది.

కరెంటు పోతే కంట్రోలర్‌ను సున్నాకు తిప్పడం అలవాటు కావాలి. తిరిగి వచ్చినప్పుడు బండి ఒక్కసారిగా దూకితే వంపులో పడిపోతుంది, వంతెన మీద ఉంటే కిందికే పోతుంది.

నిప్పు దగ్గర

2019 జనవరి 30 రాత్రి హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్‌లో మంటలు లేచి వందల దుకాణాలు కాలిపోయాయి. బట్ట, చెక్క, ప్లాస్టిక్ ఆనుకుని ఉన్న చోట నిప్పు ఎంత వేగంగా పాకుతుందో ఆ రాత్రి మనవాళ్ళంతా టీవీల్లో చూశారు. మన బల్లలో కూడా ఉన్నవి అవే. కొండలకు థర్మాకోల్, గడ్డికి రంగేసిన రంపపు పొట్టు, మేఘాలకు దూది, కింద వేలాడే సాటిన్ గుడ్డ, పైన శామియానా. నిర్మల్ బొమ్మలు పెట్టి పల్లెను అలంకరించేవాళ్ళు ఉంటారు, నాకూ అదే ఇష్టం. పొణికి చెక్క తేలిక కాబట్టి బల్ల బరువు పెరగదు. అయితే ఎండిన చెక్క, పైన పెయింటు. వాటిని బల్బులకు ఆనించి పెట్టకూడదు.

బల్ల మీద వెలిగేవన్నీ ఎల్ఈడీలే కావాలి. దూదికి, బల్బుకు మధ్య జానెడు దూరం ఉన్నా నేను ఒప్పుకోను. దూది అసలు వద్దు. ఆవిరి ఇంజన్ పొగ కోసం సొరంగంలో అగరుబత్తి వెలిగించడం, సాంబ్రాణి పెట్టడం పిల్లల ప్రదర్శనల్లో మామూలైపోయింది. జనం చప్పట్లు కొడతారు, టీచర్లు మెచ్చుకుంటారు, ఆ సొరంగం మాత్రం థర్మాకోల్‌ది. నిప్పురవ్వ లోపల రాలితే బయటివాళ్ళకు కనబడేసరికి కొండంతా కారి అంటుకుంటుంది. థర్మాకోల్ కాలేటప్పుడు వచ్చే నల్లటి పొగ మూసిన హాల్లో మంటకంటే ముందు మనుషుల్ని పడగొడుతుంది. పొగ లేకపోయినా ఆవిరి ఇంజన్ ఆవిరి ఇంజనే.

పట్టాలు తుడవడానికి పెట్రోలు, కిరోసిన్, థిన్నర్ వాడకండి. మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు గుడ్డకు అద్ది, కరెంటు తీసేసి తుడిచి, బాగా ఆరాకే మళ్ళీ కరెంటు ఇవ్వండి. టంకం పని ఇంట్లోనే, కిటికీ తెరిచి పెట్టి ముగించుకోండి. ప్రదర్శనలో వైరు ఊడితే స్క్రూ కనెక్టర్‌తో కలపండి. కాలే ఐరన్‌ను గుంపు మధ్యకు తేవద్దు.

సైన్స్ ఫెయిర్లు ఎక్కువగా చలికాలంలోనే వస్తాయి. ఆదిలాబాద్ చలి సంగతి తెలిసిందే, తెల్లవారుజామున చేరుకున్నవాళ్ళు మైదానంలో చలిమంట వేసుకుంటారు. ఆ మంట దగ్గరికి థర్మాకోల్ ఉన్న పెట్టెలు దించకండి. వేసవిలో తంటా వేరు. ఎండలో నిలబెట్టిన బండిలో జిగురు కరిగి ట్రాక్ లేచిపోతుంది, పట్టాల కీళ్ళ మధ్య సన్నని సందు వదలకపోతే సాగి వంకర పోతాయి. వంకర పట్టా అంటే పడిపోయే ఇంజన్, అంటే మళ్ళీ షార్ట్.

ఒక పొడి రకం అగ్నిమాపక సిలిండర్, ఒక బకెట్ ఇసుక బల్లకు మూడు అడుగుల్లో ఉంచుకోండి. బల్ల కింద దాచకండి, మంట లేచేది అక్కడే. మొదట మెయిన్ తీయాలి, తర్వాతే ఆర్పడం. నీళ్ళు పోయకూడదు. అగ్నిమాపక కేంద్రానికి 101, ఏ ఆపదకైనా 112, అంబులెన్స్‌కు 108 అని పెద్ద అక్షరాలతో బల్ల లోపలివైపు రాసుకోవాలి. కంగారులో తెలిసిన నంబరూ గుర్తుకు రాదు.

పిల్లలు, గుంపు

"ముట్టవద్దు" అని బోర్డు పెట్టి ఊరుకుంటే లాభం లేదు. నాలుగేళ్ళవాడు చదవలేడు, పదేళ్ళవాడు చదివినా ముడతాడు. వాడి తప్పు కాదు, రైలు అలాంటిది. ముట్టుకోలేనంత దూరంలో పెట్టడం మన పని. బల్ల అంచుకు, గుంపును ఆపే తాడుకు మధ్య మూడు అడుగులు వదలండి. అంత చోటు ఇవ్వని హాల్లో అంచు వెంట జానెడు ఎత్తు అక్రిలిక్ షీటు బిగించండి. గాజు వద్దు. చిన్నపిల్లలు చూడలేకపోతున్నారని ప్లాస్టిక్ స్టూళ్ళ మీద ఎక్కించకండి, వెనక నుంచి తోపులాట వస్తే స్టూలూ పిల్లా బల్ల మీదే పడతారు. అడుగు ఎత్తున్న వెడల్పాటి చెక్క బల్ల ఒకటి గోడకు ఆనించి, అక్కడి నుంచి చూపించండి.

ముట్టుకునే కోరికకు ఒక దారి కూడా ఇవ్వాలి. పనికిరాని పాత ఇంజన్, డబ్బా ఒకటి వేరే చిన్న బల్ల మీద పెట్టి, ఇంట్లో ఓపిక ఉన్న ఒకరిని దాని దగ్గర కూర్చోబెట్టండి. తాతలు ఈ పని అందరికంటే బాగా చేస్తారు. "బిడ్డా, గది నడిచే బండి, గీడ నిలబడి సూడు. ఇగో, ఇది పట్టుకో" అంటే పిల్లలు వింటారు.

అన్నింటికంటే భయపడవలసింది గుండ్రటి బటన్ సెల్. సిగ్నల్ దీపాలకు, స్టేషన్ లైట్లకు సీఆర్ 2032 సెల్స్ పెట్టడం తేలిక కదా అని పెట్టేస్తాం. చిన్నపిల్ల దాన్ని మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది. సెల్ పెట్టిన చోట స్క్రూతో మూసే మూత లేకపోతే ఆ దీపం వద్దు, 12 వోల్టుల లైనులోంచే రెసిస్టర్‌తో వెలిగించండి. ఎవరైనా మింగారన్న అనుమానం వచ్చినా చాలు, వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా వెంటనే ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. రేపు చూద్దాం అనుకోకూడదు. చిన్న అయస్కాంతాలు, కప్లింగ్ ముక్కలు, బొమ్మ మనుషులు కూడా మూడేళ్ళలోపు పిల్లల చేతికి అందకూడదు.

చున్నీలు, వదులు జడలు, ఐడీ కార్డు తాళ్ళు బల్ల మీదికి వంగినప్పుడు సిగ్నల్ స్తంభాలకు చిక్కుతాయి. ప్రదర్శించే మన పిల్లలే మొదట జాగ్రత్తపడాలి. బల్లకు ఎప్పుడూ ఇద్దరు ఉండాలి, ఒకరు కంట్రోలర్ మీద, ఒకరు గుంపు మీద కన్నేసి. భోజనానికి ఇద్దరూ ఒకేసారి వెళ్ళాలంటే బండి ఆపి, ప్లగ్గు తీసి, పైన గుడ్డ కప్పి వెళ్ళాలి.

బల్ల మీద ఏం చూపిస్తున్నాం?

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలా లేని గేటు వద్ద బడి బస్సును నాందేడ్ - సికింద్రాబాద్ ప్యాసింజర్ ఢీకొని పదిమందికి పైగా పిల్లలు చనిపోయారు. బ్రాడ్ గేజ్ మీద అలాంటి గేట్లను రైల్వే 2019 కల్లా పూర్తిగా తీసేసింది. గేట్లు మారాయి, తొందర మాత్రం మారలేదు. మూసిన గేటు కింద నుంచి బండి వంచి దూరేవాళ్ళను పెద్దపల్లిలో, మంచిర్యాలలో చూస్తూనే ఉన్నాం.

అందుకే లేఅవుట్‌లో గేటు పెడితే అది పనిచేసే గేటే కావాలి. బండి రాకముందే పడాలి, బండి వెళ్ళాకే లేవాలి. కారును ఢీకొట్టించి నవ్వించడం, రెండు బండ్లను ఎదురెదురుగా వదిలి గుద్దించడం, పట్టాల మీద బొమ్మ మనిషిని నిలబెట్టడం వద్దే వద్దు. గుంపులోంచి ఎవరో ఒకరు "అంకుల్, గుద్దించు" అని తప్పకుండా అడుగుతారు. "అట్ల చేయం బిడ్డా" అని నవ్వుతూ చెప్పి బండిని మామూలుగా నడపండి.

నడపడంలోనూ జాగ్రత్త ఉంది. హెచ్ఓ స్కేల్ అంటే అసలులో 87వ వంతు. గంటకు 80 కిలోమీటర్ల బండి మన బల్ల మీద సెకనుకు పావు మీటరు కదలాలి. చాలా బల్లల మీద దానికి మూడు నాలుగు రెట్లు పరుగెత్తిస్తారు. చేతి వేలు పెట్టగానే ఆగిపోయే రైలును చూపిస్తే పిల్లవాడి మనసులో రైలంటే అదే అవుతుంది. నిండా బొగ్గున్న గూడ్స్‌బండి వేగంలో ఉంటే బ్రేకు వేశాక ఆగడానికి కిలోమీటరు దాకా పట్టవచ్చు. హెచ్ఓ లెక్కలో కిలోమీటరంటే పదకొండున్నర మీటర్లు, మన బల్ల మొత్తం పొడవు కంటే ఎక్కువ. ఆ పొడవుకు ఒక రంగు దారం తెచ్చి, హాల్లో నేల మీద పరిచి చూపించండి. "డ్రైవర్ సార్ నిన్ను చూసి బ్రేకు కొట్టినా బండి గక్కడిదాక పోయి ఆగుతది" అంటే ఆరో తరగతి పిల్లలు నోరు తెరిచి చూస్తారు. ఎవరి ఉపన్యాసంతోనూ ఆ పని కాదు.

ఇక పైన తీగలు. లేఅవుట్‌లో కరెంటు ఇంజన్ పెట్టి, అందం కోసం సన్నని రాగితీగ కడతాం. మన తీగలో కరెంటు ఉండదు, తాకినా ఏమీ కాదు. అసలు తీగలో 25,000 వోల్టులు. దాన్ని తాకనక్కర్లేదు, దగ్గరికి వెళ్తేనే లాగేస్తుంది. దాని నుంచి కనీసం రెండు మీటర్లు దూరం ఉండాలన్నది రైల్వే నియమం. ఆగి ఉన్న గూడ్స్ డబ్బా ఎక్కి సెల్ఫీ తీసుకునేవాళ్ళు, గాలిపటం దారం కోసం కర్ర ఎత్తేవాళ్ళు కాలిపోయేది దీనికే. కాబట్టి మన బల్ల మీది తీగను ఎవరినీ ముట్టనివ్వకండి, అది ఉత్త తీగే అయినా సరే. మనమూ అందరూ చూస్తుండగా వేళ్ళతో సర్దకూడదు. ఈ ఒక్క విషయంలో నేను పట్టుబడతాను. అక్కడే ఎర్రటి చిన్న బోర్డు పెట్టి తెలుగులోనూ, ఉర్దూలోనూ, ఆదిలాబాద్ వైపు అయితే మరాఠీ, గోండీ మాట్లాడే పిల్లలకు నోటితోనూ చెప్పాలి.

లేఅవుట్ కట్టడానికి సామగ్రి తెచ్చుకునే చోట కూడా అసలు రైలుకు దూరంగా ఉండడమే నియమం. నిజమైన కంకర బాగుంటుందని పట్టాల పక్క నుంచి ఏరుకోవడం, బొగ్గు డబ్బాల్లోకి సైడింగ్ దగ్గర రాలిన బొగ్గు తేవడం, కొలతల కోసం వంతెన మీదికి నడవడం చేయకండి. అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళ్ళడం రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం, ఆరు నెలల దాకా జైలు లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా లేదా రెండూ పడవచ్చు. నల్ల రంగు వేసిన సన్న ఇసుక చూపుకు బొగ్గులాగే ఉంటుంది, ట్రాక్ మీద మసి కూడా రాలదు. ఫొటోలు ప్లాట్‌ఫాం మీద నిలబడి తీసుకున్నా బల్లకు కావలసినంత తెలుస్తుంది.

సర్దుకోవడం, దారి

ముగింపు వేళ అందరూ అలసిపోయి ఉంటారు, అసలు దెబ్బలు తగిలేది అప్పుడే. మొదట గోడలోని ప్లగ్గు, తర్వాత కంట్రోలర్, తర్వాత ఇంజన్లు, డబ్బాలు, చివర బల్లలు, ఈ వరుస తప్పవద్దు. బల్ల ఎంత తేలికైనా ఇద్దరు పట్టుకునే ఎత్తాలి. రెండు బల్లలు కలిసే చోట పట్టాల కొసలు బయటికి పొడుచుకుని ఉంటాయి. పిల్లల కళ్ళ ఎత్తులో మోసుకెళ్తాం కాబట్టి ఆ కొసలకు అట్టముక్కో, ప్లైవుడ్ పలకో బిగించాకే తలుపు దాటాలి. బల్లలను ట్రాలీలో నిలువుగా పెట్టి తాడు రెండు వైపులా లాగి కట్టండి, కింద దుప్పటి వేయండి. ఇంజన్లు ట్రాలీలో వద్దు, విడి పెట్టెల్లో మనుషులతో పాటే రావాలి. బల్లలతో పాటు వెనక ట్రాలీలో మనుషులెవరూ, ముఖ్యంగా పిల్లలు, పట్టుకుంటామని ఎక్కకూడదు.

కరీంనగర్ నుంచి జగిత్యాల, మెట్‌పల్లి, నిర్మల్ మీదుగా ఆదిలాబాద్ వెళ్ళేవాళ్ళు నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ మలుపులు ఎక్కే ముందు ఒకసారి ఆపి తాళ్ళు బిగించుకోండి. అంత దూరం వచ్చేసరికి ఎంత బాగా కట్టినా వదులవుతాయి. తిరుగు ప్రయాణం ఆ రాత్రికే పెట్టుకోకండి. రోజంతా నిలబడ్డ డ్రైవర్‌కు ఘాట్ మీద నిద్ర వస్తుంది, పొగమంచు ఉంటే దారి కనబడదు. నిర్వాహకులను ముందే అడిగితే బడిలో ఒక గది తాళం వేసుకోవడానికి ఇస్తారు. బల్లలు అక్కడ పెట్టి, బ్యాటరీ కొసలు విప్పి టేపు చుట్టి, తెల్లవారాక బయలుదేరండి.